బిస్కెట్ల డబ్బాలో బ్రేకులు

2006 మార్చి 19, ఆదివారం. ఏలూరు

ఈ పుస్తకం కారు కోసం. కారు సంగతులు తప్ప ఇందులో ఇంకేమీ రాయకూడదని నియమం పెట్టుకుంటున్నాను. మనసులో మాటలు కాగితం మీద పెట్టుకునే వయసు దాటిపోయింది. నలభై ఏడేళ్ల డ్రాయింగు మాస్టారికి నట్లూ బోల్టులూ చాలు.

చర్చి నుంచి వచ్చి, బట్టలు మార్చుకుని, పెరట్లో కారు మీది టార్పాలిన్ లాగేశాను. పద్నాలుగు నెలలైంది దాని మొహం చూసి. ఎడమవైపు ముందు భాగం నొక్కుకుపోయి, ఆ పక్క దీపం నన్ను ఓరగా చూస్తోంది. ఎలుకలు వెనక సీట్లో కాపురం పెట్టి, పిల్లల్ని కని, ఖాళీ చేసి కూడా వెళ్లిపోయాయి. కొల్లేటి మురుగుకాలవ బురద లోపల ఎండి పెళ్లలు కట్టింది. పెళ్ల తీస్తే తుప్పు, తుప్పు గీకితే మా పెరటి నేల. అయినా ఎరుపు రంగు చావలేదు. గుడ్డతో తుడిస్తే బానెట్ మీద నా మొహం కనిపించింది, కాస్త ముసలిగా.

తొంభైనాలుగు మోడల్ జెన్. చిన్న బండి, తేలిక బండి, కాలు ఆనిస్తే చాలు దూకుతుంది. ఒకప్పుడు ఏలూరు మొత్తం మీద దాన్ని దాటిన బండి లేదు. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, కారు సంగతే.

నా భార్య సలోమి చేతికర్ర ఆనించుకుని వరండాలో నిలబడి చూసింది. "మళ్లీ నడుస్తుందంటారా అండీ?" అంది.

"జూన్ పన్నెండున మీ బడి తెరిచేసరికి నిన్ను ఇందులోనే దింపుతాను" అన్నాను.

తను పాఠాలు చెప్పే బడి కొల్లేటి ఒడ్డున ఉంది. కుడికాలిలో రాడ్డు వేశాక కూడా బస్సు దిగి మైలున్నర గట్టు మీద నడుస్తోంది. నా మాట వినగానే మొహం విప్పారింది. "అయితే ముందు చర్చికి తీసుకెళ్దామండీ. పాస్టరు గారు బండికి ప్రార్థన చేస్తారు. దేవుడు మనల్ని ఎలా కాపాడాడో మీరు మళ్లీ సాక్ష్యం చెబుదురుగాని. అప్పుడెంత బాగా చెప్పారనీ! ఆస్పత్రి మంచం మీద క్యాసెట్టులో విని ఎంత ఏడ్చానో" అంది.

నేను స్పానర్ల పెట్టె తెచ్చుకోవడానికి లోపలికి వెళ్లాను.

మార్చి 26

ఇంజన్ చేత్తో తిప్పితే తిరిగింది! ప్లగ్గులు తీసి, లోపల ఆయిల్ పోసి వారం రోజులు నానబెట్టినందుకు ఫలితం. పెరట్లో ఒక్కడినే చప్పట్లు కొట్టాను. గోడ మీది పిల్లి లేచి వెళ్లిపోయింది.

ఈ బండిని బండిగా చేసింది తాతాజీ. (తాతాజీ కారులో భాగం కాబట్టి రాయవచ్చు.) పవర్‌పేట స్టేషన్ దగ్గర చిన్న రేకుల షెడ్డు ఆయనది. రెండువేల మూడులో ప్రతి శనివారం సాయంత్రం అక్కడే ఉండేవాణ్ణి. కార్బురేటర్ విప్పి, జెట్లు మార్చి, ఇంజన్ చప్పుడు చెవితో విని సరిచేసేవాడు. నేను పొగగొట్టం బొమ్మ గీసిస్తే దాని ప్రకారం ఇనుప పైపు వంచేవాడు. తను బిగించిన ప్రతి భాగం మీదా ఆకురాయితో చిన్న గీత పెట్టడం ఆయన అలవాటు. "పిల్లోడికి దిష్టిచుక్క లాంటిదండి మాస్టారూ" అనేవాడు.

షెడ్డు మూసి ఏడాది దాటింది. ఇప్పుడు కొల్లేటి లంకల్లో చేపల చెరువుల నీళ్ల ఇంజన్లు బాగుచేస్తున్నాడట.

ఏప్రిల్ 2

బ్రేకులు విప్పాను.

ముందు ప్యాడ్లు రెండువైపులా సమంగా ఉన్నాయి. తాతాజీ గీత ఉంది. వెనక సిలిండర్లు పొడిగా ఉన్నాయి, ఎక్కడా కారిన జాడ లేదు. గొట్టాలు గట్టిగా ఉన్నాయి. ఆయిల్ పై గీత దాకా ఉంది. చక్రాల దగ్గర గాలి తీసే నిపుళ్లు నాలుగూ బిగించే ఉన్నాయి. ఒకదాన్ని కదపడానికి స్పానరు మీద నిలబడాల్సి వచ్చింది.

నీళ్లలో మునిగిన బండి. ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది?

అన్నీ మార్చేస్తున్నాను. ముందు పెద్ద డిస్కులు, కొత్త సిలిండర్లు, కొత్త గొట్టాలు. బండి వేగం పెంచేటప్పుడు బ్రేకులు పెంచడం పద్ధతి. పాతవి పారేద్దామని పాత ఇనప సామాన్ల కొట్టు దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. కిరసనాయిలుతో కడిగి, సలోమి బిస్కెట్ల డబ్బాలో పెట్టి అటకెక్కించాను. డ్రాయింగు క్లాసులో సిలిండర్ బొమ్మ వేయించడానికి పనికొస్తాయి.

ఏప్రిల్ 9, మట్టల ఆదివారం

పాస్టర్ వరదానం గారు ప్రసంగంలో మళ్లీ నా మాట వాడారు. "మన నిత్యానందం మాస్టారు చెప్పినట్టు, బ్రేకులు పనిచేయలేదు, దేవుని చెయ్యి పనిచేసింది." జనమంతా స్తోత్రం అన్నారు. నా ముందు వరసలో కూర్చున్న సంఘపెద్ద హెన్రీ గారు వెనక్కి తిరిగి నవ్వారు. ఆ ఆదివారం నా సాక్ష్యం విన్నాక తన అంబాసిడర్‌ని తాతాజీ షెడ్డు నుంచి తెచ్చేసుకున్న మొదటి మనిషి ఆయనే. ఆయన వెనక మిగతావాళ్లు.

నేను మైకులో తాతాజీ పేరు చెప్పలేదు. అది మాత్రం చెప్పలేదు. ప్రమాదానికి రెండు రోజుల ముందు బ్రేకులు వేసింది ఎవరో ఊరందరికీ తెలిస్తే నేనేం చేయను?

కారు సంగతి: ఈ రోజు పని చేయలేదు.

ఏప్రిల్ 27

సెలవులిచ్చారు. తాడేపల్లిగూడెం నుంచి అబ్బాయిరాజు గ్యాసు వెల్డింగు సామాను తెచ్చుకుని వచ్చాడు. కారు బాడీ పనిలో అతన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. ఆ మాట అతనే చెప్పాడు. నేల రేకు మొత్తం కోసేసి కొత్తది అతికిస్తున్నాడు. ప్రస్తుతం కారులో కూర్చుంటే కాళ్లు నేల మీద ఆనతాయి, తొక్కుతూ పోవచ్చు.

మధ్యాహ్నం సలోమి చేపలపులుసు పెట్టింది. తింటూ అన్నాడు: "తాతాజీ గారు కనపడ్డారండి, మొన్న లంకలో. పాపం, పాడైపోయారండి మనిషి. గవర్నమెంటోళ్లు చెరువు గట్లన్నీ కొట్టేస్తన్నారు కదండీ, ఇంజన్లన్నీ ఒడ్డున పడున్నాయి. ఇక పనేముంటదండి? ఇంకోటండోయ్, బ్రేకు పని మాత్రం ముట్టుకోనంటారంట. ట్రాక్టరోళ్లు బతిమాలినా ఒద్దంటారంట."

సలోమి పులుసు గరిటె గిన్నెలో పెట్టేసింది. "ముట్టుకోకపోవడమే మంచిది" అంది.

నేను చేప ముళ్లు ఏరుకుంటూ ఉన్నాను. ఎప్పుడూ అంత శ్రద్ధగా ఏరలేదు.

మే 6

నేల అయింది. ఎడమ మడ్‌గార్డు అయింది. దీపం నిటారుగా చూస్తోంది.

మే 11

ఇంజన్ హెడ్డు తీసుకుని తాడేపల్లిగూడెం లేతు షాపుకి వెళ్లాను. ప్యాసింజర్‌లో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. భీమడోలులో ఎక్కిన ఒకాయన, "ఏంటండీ అది, కుట్టుమిషనా?" అన్నాడు. కారు గుండెకాయ అని చెప్పాను. జాలిగా చూసి కిటికీ పక్క చోటు ఇచ్చాడు. హెడ్డు అడుగు కాస్త అరగదీయిస్తే ఇంజన్‌కి జోరు పెరుగుతుంది. సాయంత్రానికి అద్దంలా చేసిచ్చారు.

నిజానికి ఇది అవసరం లేదు. పాత జోరు చాలు. కానీ ఒకసారి విప్పాక చేయించకపోతే ఎలా?

మే 20

చక్రాలు వెడల్పువి వేయాలి.

మే 24

వెడల్పు చక్రాలకి స్ప్రింగులు గట్టివి కావాలి. అసలు అంతా ఒకదానికొకటి ముడిపడి ఉంటుంది. బయటివాళ్లకి అర్థం కాదు.

జూన్ 3

బ్రేకుల్లో గాలి తీశాను. మామూలుగా ఇది ఇద్దరి పని. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు చక్రం దగ్గర నిపుల్ విప్పి, గాలి బుడగలు పోయాక బిగించాలి. సలోమిని పిలవవచ్చు. "ఆ కాలికి ఎంత తొక్కుడు ఉంటే అంత మంచిదండి" అని డాక్టరు గారు కూడా అన్నారు. పిలవలేదు. రబ్బరు గొట్టం చివర టానిక్ సీసా పెట్టి, ఇటూ అటూ పరిగెత్తుతూ ఒక్కడినే చేసుకున్నాను. పెడల్ కొంచెం మెత్తగా ఉంది. వాడగా వాడగా గట్టిపడుతుంది.

జూన్ 11

రేపు బడులు తెరుస్తారు. బండికి ఇంకా రంగు పని ఉంది. సలోమికి చెప్పాను. "పర్లేదండీ, ఎప్పుడైతే అప్పుడే" అంది. బస్సు పాసు వెతుక్కుంది.

జూన్ 12

వర్షం.

జూన్ 13

వర్షం. సలోమి గట్టు మీద జారిందట, ఏమీ కాలేదంది. చీర అంచంతా బురద.

జూన్ 18

ఇంజన్ పలికింది. మొదటి తిప్పులోనే! ఆ చప్పుడు విని సలోమి చేతికర్ర లేకుండానే పెరట్లోకి వచ్చేసింది. ఇద్దరం చెరో పక్కా నిలబడి వింటూ ఉన్నాం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగ కూడా ఉందిలెండి. ఎవరికి చెబుతున్నానో ఈ "లెండి".

తాతాజీ ఉంటే చెవి పెట్టి, "ఎడంపక్క కొంచెం ముక్కుతోందండి" అనేవాడు. నిజంగానే ముక్కుతోంది.

జూన్ 21

హారన్ మార్చాను.

జూన్ 22

పాత హారనే బాగుందనిపించి మళ్లీ పెట్టాను.

జూన్ 25, ఆదివారం

ఆరాధన అయ్యాక సలోమి నన్ను అడగకుండానే పాస్టరు గారితో మాట్లాడేసింది. జులై తొమ్మిది. బండికి ప్రార్థన, నా సాక్ష్యం, ఆ తరవాత అందరికీ టీ, సున్నుండలు. పాస్టరు గారు డైరీలో రాసుకున్నారు.

"ఇంకా రంగు ఆరలేదు" అన్నాను దారిలో.

"ఆరకపోతే ఆరకపోయింది. ప్రార్థనకి రంగెందుకండీ?" అంది. తరవాత నెమ్మదిగా అడిగింది: "మీకు మళ్లీ నడపాలంటే భయంగా ఉందా? ఉంటే చెప్పండి. నేను పక్కనే కూర్చుంటాను. ఈసారి నిద్రపోను."

భయం లేదన్నాను. అది నిజమే. నడపడమంటే నాకు ఎప్పుడూ భయం లేదు.

జూన్ 29

అబ్బాయిరాజు రంగు చివరి పూత వేసి వెళ్లాడు. తాతాజీ ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. అత్తిలిలో రైసుమిల్లు గేటు దగ్గర కాపలా పని దొరికిందట. పదిహేడో తారీఖున చేరాలట.

కాపలా పని. ఇంజన్ చప్పుడు విని దాని జబ్బు చెప్పే మనిషి.

జులై 4

కారు సంగతి ఒకటి రాయకుండా వదిలేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

2005 జనవరి 22, శనివారం. కైకలూరులో పెళ్లి భోజనం చేసి వస్తున్నాం. మధ్యాహ్నం మూడు గంటలు. సలోమి కిటికీకి తల ఆనించి నిద్రపోతోంది. కొల్లేటి మీద రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. రెండు రోజుల క్రితమే తాతాజీ కొత్త ప్యాడ్లు వేసి, ఆయిల్ మార్చి ఇచ్చాడు. బండి ఎప్పుడూ లేనంత హాయిగా పోతోంది. స్పీడు ముల్లు నూట అయిదు దగ్గర ఉంది. ఆ రోడ్డు మీద నూటపది చూడాలని నాకు ఎప్పటి నుంచో.

దూరంగా బాతులు. కోసిన చేలలో మేపుకునే మంద, వంద దాకా ఉంటాయి, రోడ్డు దాటుతున్నాయి. బాతుల మనిషి కర్ర పైకెత్తి ఊపుతున్నాడు. నాకు కనిపించాడు. చాలా ముందే కనిపించాడు. హారన్ కొట్టాను. తప్పుకుంటాయిలే అనుకున్నాను. ముల్లు నూటఎనిమిది.

నేను బ్రేకు తొక్కలేదు. తొక్కితే ముల్లు పడిపోతుందని తొక్కలేదు. బాతులన్నీ తప్పుకున్నాయి. నేనే తప్పుకోలేకపోయాను. స్టీరింగు తిప్పాను, కాలవలోకి పోయాం. సలోమి కేకతో లేచింది. ఆ కేక తనది అని తనకే తెలియలేదట.

ఆస్పత్రిలో పాస్టరు గారు, "బ్రేకులు ఫెయిలయ్యాయా మాస్టారూ?" అని అడిగారు. తల ఊపాను. అంతే. అప్పటికి తల ఊపడమే. సాయంత్రం తాతాజీ వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు. "పెడల్ కిందికి పోయిందా అండీ? ఒకసారి బండి చూడొచ్చా అండీ?" అన్నాడు. "ఇప్పుడెందుకులే తాతాజీ" అన్నాను. మళ్లీ అడగలేదు. మూడు వారాలకి చర్చిలో ఆ వాక్యం చెప్పాను. ముందు రోజు కూర్చుని తయారుచేసుకున్న వాక్యం. బాగా కుదిరిందని సంతోషపడ్డాను కూడా.

రాసేశాను. ఈ పేజీ చింపను.

జులై 6

బడికి సెలవు పెట్టి, అటక మీది డబ్బా సంచిలో పెట్టుకుని లంకకి బస్సెక్కాను.

తెగిన గట్ల మధ్య నీళ్లు ఎల్లలు లేకుండా పరుచుకుని ఉన్నాయి. తాతాజీ ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సామాన్లు మూటలు కట్టి ఉన్నాయి. నన్ను చూసి లేచి, తుండుగుడ్డ దులిపి అరుగు తుడిచాడు. "రండి మాస్టారూ. అమ్మగారి కాలెలా ఉందండీ?" అదే మొదటి మాట.

డబ్బా మూత తీసి ముందు పెట్టాను. ఆయన ప్యాడ్లు తీసి బొటనవేలితో రాసి చూశాడు. గీత చూశాడు. సిలిండర్ పిస్టన్ వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ బయటికి వచ్చింది. రెండోసారి నొక్కాడు. మూడోసారి నొక్కాడు.

"ఇవి బాగానే ఉన్నాయండీ" అన్నాడు.

"నేను తొక్కలేదు తాతాజీ. బ్రేకు తొక్కనే లేదు."

చాలాసేపు డబ్బాలోకే చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. తిడితే బాగుండేది.

"నిపుల్ బిగించానా లేదా అని అండి" అన్నాడు. "కుడివైపు వెనక చక్రానిది. బిగిస్తుండగా ఎవరో పిలిచారండి ఆరోజు. వెళ్లి మళ్లీ వచ్చాను. వచ్చి బిగించానా, బిగించలేదా? ఏడాదిన్నర నించీ గుర్తొస్తల్లేదండి మాస్టారూ. అన్నం తింటూ చెయ్యి ఆగిపోయేది. బిగించలేదేమో, అమ్మగారి కాలు నేనే తీసేశానేమో అనుకున్నానండి."

"బిగించావు. విప్పడానికి స్పానరు మీద నిలబడ్డాను."

"ఆయ్" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇవి నేనుంచుకోవచ్చా అండీ?"

డబ్బా ఆయన ఒళ్లో పెట్టాను. క్షమించమన్నాను. అప్పుడు గుమ్మంలోంచి ఆయన భార్య రాజ్యం బయటికి వచ్చింది. అంతా విన్నట్టుంది. గొంతు పెంచలేదు.

"అక్కడ మైకులో చెప్పారు గదండీ. ఇక్కడికొచ్చి గుసగుసగా చెబుతారేంటండీ?"

"రాజ్యం" అన్నాడు తాతాజీ.

"నన్ను మాట్లాడనివ్వండి. ఆస్పత్రికి జావ కాచి పట్టుకెళ్లానండి నేను. మీ ఆయన చేతి పనికి నా కాలు పోయింది, ఈ జావెందుకు అన్నారండి అమ్మగారు. గిన్నె అలాగే తెచ్చుకున్నానండి, బస్సులో. ఒలక్కుండా."

నాకు ఆ సంగతి ఈ రోజు దాకా తెలియదు.

జులై 8, శనివారం

బస్సు దిగి వచ్చి సలోమి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక చెప్పాను. మొదటి నుంచి చివర దాకా, ముల్లు సంగతితో సహా.

కాలు కింద స్టూలు వేసుకుని విన్నది. రేపటి టీ కోసం చేసిన సున్నుండల పళ్లెం మీద మూత సర్దింది. తరవాత అంది:

"నా కాలు విరగడం యాక్సిడెంటేనండి. అది సరే. రాజ్యాన్ని నా నోటితో ఆ మాట అనిపించారే, అది యాక్సిడెంట్ కాదు."

లేచి లోపలికి వెళ్లింది. రోజూ కంటే కుంటు ఎక్కువగా అనిపించింది, లేదా నేను ఈ రోజే సరిగ్గా చూశాను.

జులై 9, ఆదివారం

సలోమి రిక్షాలో వెళ్లింది. నేను కారులో ఒక్కడినే వెళ్లాను, నడిచేవాళ్లు దాటిపోయేంత నెమ్మదిగా. కొత్త ఎరుపు చూసి జనం మూగారు. హెన్రీ గారు బానెట్ తట్టి, "దేవుని కార్యం!" అన్నారు.

మైకు ఇచ్చారు. నిరుడు చెప్పిన వాక్యం మళ్లీ చెప్పాను. బ్రేకులు పనిచేయలేదు, దేవుని చెయ్యి పనిచేసింది అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. "అది అబద్ధం" అన్నాను. వెనక వరసలో ఒకావిడ అలవాటు మీద దానికి కూడా స్తోత్రం అనేసింది.

బ్రేకులు బాగున్నాయని, వాటిని వేసిన మనిషి తాతాజీ అని, పవర్‌పేట షెడ్డు తాతాజీ అని, ఈసారి పేరు పెట్టి చెప్పాను. ఆయన పనిలో లోపం లేదని, నేను వేగం చూసుకోవడం కోసం బ్రేకు మీద కాలు పెట్టలేదని, నా భార్య నిద్రలో ఉందని, తనకి నిన్నటి దాకా తెలియదని చెప్పాను.

పాస్టరు గారు లేచి నిలబడ్డారు, కళ్లద్దాలు తీశారు, మళ్లీ పెట్టుకున్నారు. "ఆ మాట నేను పదిసార్లు ప్రసంగాల్లో చెప్పానండి మాస్టారూ" అన్నారు మైకు లేకుండా. ఆ తరవాత ప్రార్థన చేశారు, తాతాజీ కుటుంబం కోసం. కారుకి ప్రార్థన చేయడం అందరూ మర్చిపోయారు. నేనూ గుర్తుచేయలేదు.

టీ తాగడానికి సగం మంది ఆగలేదు. హెన్రీ గారు నాతో మాట్లాడలేదు కానీ గేటు దగ్గర ఆగి, గోడతో అన్నట్టుగా అడిగారు: "తాతాజీ ఏ లంకలో ఉంటున్నాడు?"

సలోమి మళ్లీ రిక్షాలోనే వచ్చింది.

జులై 12

అన్నం పెడుతోంది. మాట్లాడదు.

జులై 14

బడికి బస్సులోనే వెళ్తోంది. కారు తాళాలు మేకుకి తగిలించి ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు.

జులై 16, ఆదివారం

మధ్యాహ్నం గేటు చప్పుడైంది. తాతాజీ. భుజాన పాత స్పానర్ల సంచి. రోడ్డు అవతల హెన్రీ గారి అంబాసిడర్ ఆగి ఉంది.

"హెన్రీ గారు వచ్చి తీసుకొచ్చారండి" అన్నాడు. కారు వైపు చూశాడు. "ఒకసారి బండి చూడొచ్చా అండీ?"

పద్దెనిమిది నెలల తరవాత అదే మాట, అదే గొంతు. తలుపు తీసి పట్టుకున్నాను.

చుట్టూ తిరిగి చూశాడు. వెడల్పు చక్రాలు చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు. ఇంజన్ చప్పుడు విని, "ఎడంపక్క ముక్కుతోందండి" అన్నాడు. తరవాత లోపల కూర్చుని బ్రేకు పెడల్ తొక్కాడు. మళ్లీ తొక్కాడు. మెల్లగా నా వైపు తిరిగాడు.

"గాలి ఎవరు తీశారండీ?"

"నేనే. ఒక్కడినే. టానిక్ సీసాతో."

"సగం గాలి లోపలే ఉందండి మాస్టారూ. ఇలాగే వదిలేస్తే ఈసారి నిజంగానే పట్టవండి."

నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. నాకే నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. సంచి విప్పి స్పానరు తీశాడు. కాసేపు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పుకుంటూ ఉండిపోయాడు. ఏడాదిన్నరగా బ్రేకు ముట్టుకోని చెయ్యి. తరవాత వరండా వైపు చూసి పిలిచాడు.

"అమ్మగారూ! కొంచెం పెడల్ తొక్కుతారా అండీ? ఇద్దరు కావాలండి ఈ పనికి."

సలోమి చేతికర్ర గోడకి ఆనించి దిగివచ్చింది. డ్రైవరు సీట్లో కూర్చుని, రాడ్డు వేసిన కాలు రెండు చేతులతో ఎత్తి పెడల్ మీద పెట్టుకుంది. తాతాజీ కుడివైపు వెనక చక్రం కింద పడుకున్నాడు.

"తొక్కండమ్మా. పట్టుకోండి. ఆ... వదలండి. మళ్లీ తొక్కండి."

నా పని ఆయిల్ డబ్బా పట్టుకుని నిలబడడం. నిలబడ్డాను. సలోమి పెదవి కొరుక్కుంటూ తొక్కుతోంది, కాలు వణుకుతోంది, వదలమనే దాకా వదలడం లేదు. నాలుగు చక్రాలూ అయ్యేసరికి గంట పట్టింది. ఆఖరి నిపుల్ బిగించి, దాని మీద ఆకురాయితో గీత పెట్టి, మళ్లీ స్పానరు పెట్టి చూసుకుని, ఇంకోసారి చూసుకుని లేచాడు.

సలోమి సీటు దిగి ఆయన ఎదురుగా నిలబడింది. "తాతాజీ గారూ, నన్ను రాజ్యం గారి దగ్గరికి తీసుకెళ్తారా?" అంది.

"తప్పకుండానండి. షెడ్డు తాళం కూడా తెచ్చుకోవాలండి ఇంటి దగ్గర్నించి. తుప్పు పట్టేసుంటది, మాస్టారూ, కాస్త ఆయిల్ వెంట పెట్టుకోండి." రేపు పదిహేడో తారీఖు. అత్తిలి సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

హెన్రీ గారి అంబాసిడర్ ముందు బయల్దేరింది. మా కారు తాతాజీ నడిపాడు. పక్కన సలోమి. నన్ను వెనక కూర్చోమని ఎవరూ చెప్పలేదు, నేనే ఎక్కి కూర్చున్నాను. ఒళ్లో ఆయిల్ డబ్బా. ఎలుకలు కాపురమున్న సీటు. అక్కడి నుంచి ముల్లు కనిపిస్తుంది. నలభై. ఎక్కడా నలభై దాటలేదు.

కొల్లేటి రోడ్డు మీద, ఆ చోటు వచ్చాక, తాతాజీ అటూ ఇటూ చూసి బ్రేకు గట్టిగా తొక్కాడు. బండి గీత గీసినట్టు ఆగింది. రోడ్డు ఖాళీగా ఉంది, బాతుల్లేవు. ఇంజన్ చప్పుడు, గాలి. నేను కళ్లు మూసుకుని ఉన్నాను.

సలోమి వెనక్కి తిరిగింది. ఎనిమిది రోజుల తరవాత నాతో మొదటి మాట అంది.

"నిద్రపోకండి."

మెలకువగానే ఉన్నానన్నాను.